కండక్టర్‌కు చెప్పుడు కాదు, పిల్లలకు నేర్పుడు



పోస్టు కొంచెం పెద్దగైంది, ఓపికతోటి చదవండి. సెలవులు దగ్గర పడుతున్నయి. హాస్టళ్ల నుంచి మన పిల్లలు ఇండ్లకొచ్చే టైం. అందుకే ఈ మాట ఇప్పుడే చెప్పాలనుకున్న.

మాట ఏందంటే, మన పిల్లలకు బస్సు ప్రయాణం నేర్పాలె. నేర్పుడు అంటే ఎక్కిచ్చి పంపుడు కాదు. పక్కన కూసొని తీస్కపోవుడు గూడ కాదు. ఒక్కొక్కటి చెప్పి, వాళ్లతోటి చేయించి, తప్పు పోతే దిద్ది, చివరికి వాళ్లంతట వాళ్లు పొయ్యొచ్చేటట్టు తయారు చేయుడు. "బస్సెక్కుడు గూడ ఒక చదువేనా?" అని నవ్వేటోళ్లు మన గ్రూపుల గూడ ఉంటరు. నా సంగతి చెప్పినంక నవ్వండి.

నేను ఆరో తరగతికి ఆదిలాబాద్‌ల హాస్టల్ల చేరిన. మాది ఇంద్రవెల్లి దాటినంక రోడ్డు మీద దిగి, లోపలికి మూడు కిలోమీటర్లు నడిచే గూడెం. సెలవులిచ్చినప్పుడల్లా బాపు వచ్చి తీస్కపోయేటోడు. ఆ యేడు సంక్రాంతి సెలవులకు గూడ వచ్చిండు. గాని అదే రోజు మా పత్తి మార్కెట్ యార్డుల లైన్ల ఉంది, రేపటిదాంక కాంటా కాదన్నరు. పత్తిని విడిచి రాలేడు, నన్ను యార్డుల పండుకోబెట్టలేడు. నన్ను ఉట్నూర్ బస్సెక్కిచ్చి, కిటికీ కాడ కూసోబెట్టి, "సారూ, మా పోరణ్ని ఫలానా స్టేజీ కాడ జర దించు" అని కండక్టర్‌కు చెప్పి, నా చేతిల బన్ను పెట్టి పోయిండు.

గుడిహత్నూర్ దాటంగనే నాకు నిద్రపట్టింది. బస్సు నిండ పండుగకు పోయే జనం. కండక్టర్ ఎనుక డోరు దాంక పోయి టికెట్లు కొట్టుడే కష్టమున్నది, నేను ఆయనకేం యాదికుంట. మెలకువ వచ్చేసరికి అందరు దిగుతున్నరు. చూస్తే ఉట్నూర్ బస్టాండు. పొద్దు గూకింది.

ఒక స్తంభం చాటుకు నిలవడి ఏడ్చిన. ఎవర్నన్న అడగొచ్చు కదా అంటరు. అడగలేదు. ఎందుకంటే, నాకు పాఠం అప్పజెప్పే తెలుగు వచ్చు గాని, కొత్త మనిషిని ఆపి "నేను దిగాల్సిన కాడ దిగలేదు, ఇప్పుడేం చేయాలె?" అని అడిగే తెలుగు రాలేదు. మనసుల గోండి తిరుగుతుంది, నోట్ల తెలుగు రాదు. దాని మీద సిగ్గు. తప్పు చేసిన్నని సిగ్గు. బస్టాండు ఊడ్చే ఒక అవ్వ చూసి, నా మొఖం చూసే గుర్తువట్టిందేమో, గోండిలనే పలకరించింది. ఆ ఒక్క మాటతోటి ప్రాణం లేచొచ్చింది. పది నిమిషాల్ల మా పక్క గూడెం ఆయన ఒకాయనను వెతికి పట్టుకొని నన్ను అప్పజెప్పింది. రాత్రికి ఇల్లు చేరిన.

ఏం కాలేదు కదా అనొచ్చు. అయింది. ఆ తర్వాత రెండేండ్లు అమ్మ నన్ను ఒంటరిగ ఎక్కడికీ పంపలేదు. ప్రతి సెలవుకు బాపు రెండు రోజుల పని విడిచిపెట్టి రావాల్సి వచ్చింది. రాలేని సెలవులకు నేను హాస్టల్లనే ఉండిపోయిన.

పెద్దయినంక ఆలోచిస్తే అర్థమైంది. బాపు తప్పు చేయలేదు, కండక్టర్ తప్పు చేయలేదు. ఒక్కటే లోటు. నేను ఎక్కడ దిగాల్నో బాపు కండక్టర్‌కు చెప్పిండు గాని నాకు చెప్పలేదు. స్టేజీ పేరు నాకు తెలుసు. దానికి ముందు ఏ ఊరొస్తది, ఎంతసేపు పడుతది, నిద్రొస్తే ఏం చేయాలె, దాటిపోతే ఎవర్ని అడగాలె, ఇవేవీ తెల్వది. నన్ను ఒక మూటను పంపినట్టు పంపిండు. మూట తోవ అడగలేదు కదా.

మరి మన పెద్దలకు తోవ నేర్పుడు చేతకాదా? మనకంటే బాగ ఎవరికి వస్తది?

అడవిల తోవ మనకెట్ల వచ్చింది, ఒకసారి యాదికి తెచ్చుకోండి. మొదట తాత ముందు నడిచిండు, మనం ఎనుక నడిచినం. ఏ చెట్టు కాడ మలగాలె, ఏ వాగు వానకాలం దాటొద్దు, ఏ చప్పుడైతే ఆగాలె, అన్నీ నడుస్తనే చెప్పిండు. కొన్నాళ్లకు మనల్ని ముందు నడువుమని ఆయన ఎనుక వచ్చిండు. తప్పు తోవ పట్టినా వెంటనే చెప్పకపోయేది, కొంచెం దూరం పోనిచ్చి "ఇప్పుడు చూడు, ఎక్కడొచ్చినవ్?" అనేది. ఆ తర్వాతనే ఒంటరిగ పంపిండు. కేస్లాపూర్ నాగోబా జాతర ముందు మెస్రం వంశపోళ్లు గోదావరి నీళ్ల కోసం జన్నారం మండలంల ఉన్న హస్తినమడుగు దాంక నడిచిపోయి నడిచొస్తరు. ఆ తోవ ఏ పుస్తకంల చూసి నేర్చుకున్నది కాదు. పెద్దోళ్ల ఎంట నడిచి నేర్చుకున్నది.

అదే పద్ధతి బస్సుకు ఎందుకు పెట్టలేదంటే, మన అమ్మబాపులకే బస్సు కొత్త. వాళ్లకు ఎవరూ నేర్పలేదు. బోర్డు చదవరాక "ఇది ఉట్నూర్ పోతదా?" అని పదిమందిని అడిగి ఎక్కినోళ్లు వాళ్లు. వాళ్లకే భయమున్న దాన్ని పిల్లలకు ఎట్ల నేర్పుతరు? గాని మనం నేర్పొచ్చు. మనం ఆదిలాబాద్, మంచిర్యాల, హైదరాబాద్ పోయి చదివినోళ్లం. మనం తప్పిపోయి నేర్చుకున్నం. మన తమ్ముళ్లు చెల్లెండ్లు గూడ తప్పిపోయే నేర్చుకోవాల్నా?

నేర్పకపోతే ఏం పోతుందో మనందరికీ తెలుసు. లెక్క రాసుకోకపోతే కనబడదు, అంతే.

ఒకటి, కూలి. పిల్లను తేనీకి ఒక రోజు, దించిరానీకి ఒక రోజు. పత్తి ఏరే రోజులల్ల, కోతల రోజులల్ల ఆ రెండు రోజులు చిన్నయి కావు. ఇద్దరు పిల్లలు రెండు చోట్ల చదివితే ఇంకా ఎక్కువ.

రెండు, పరీక్షలు. పది దాటినంక పాలిసెట్, ఎప్‌సెట్ అని, కౌన్సెలింగ్ అని, సర్టిఫికెట్ అని ప్రతి పనికీ ఒక పట్నం. బాసర ట్రిపుల్ ఐటీల సీటొస్తే నిర్మల్ పోయి బస్సు మారాలె. పరీక్ష సెంటర్ కాడ గేటు మూసే టైం గేటు మూసే టైమే, మన గూడెం నుంచి పొద్దుగాల బస్సు లేదంటే ఎవ్వరు వినరు. బస్సు టైం లెక్క తెలిసిన పిల్ల ముందు రోజే పోయి చుట్టాలింట్ల ఉంటది. తెల్వని పిల్ల గేటు బయట నిలవడి ఏడుస్తది.

మూడు, ఇది అన్నిటికంటే పెద్దది. ఆడపిల్లల చదువు. మా గూడెంలనే పదిల మంచి మార్కులొచ్చిన చెల్లె ఒకామె ఉన్నది. ఇంటర్ సీటు దూరంల వచ్చింది. ఫీజు లేదు, హాస్టల్ ఉంది, అన్నీ ఉన్నయి. "ప్రతిసారి ఎవరు తీస్కపోతరు?" అని ఇంట్ల ఒక్క మాట అన్నరు. అక్కడితోటి ఆగిపోయింది. చదువు మీద ఆశ లేక కాదు, పైసలు లేక కాదు. తోవ తెల్వక. మీ గూడెంల గూడ ఇట్లాంటి చెల్లె ఉందేమో చూడండి. నాకైతే ఉంటదనే అనిపిస్తది.

మన రాష్ట్రంల 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం నడుస్తుంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడోళ్లకు, ఆడపిల్లలకు, ట్రాన్స్‌జెండర్లకు టికెట్ పైసలు లేవు, జీరో టికెట్. మంచిదే. అప్పటిదాంక "చార్జీలకు పైసలు లేవు" అని ఆపిన ఇంట్ల ఇప్పుడు ఆ అడ్డు పోయింది. గాని భయం అనే అడ్డు అట్లనే ఉంది. దానికి ఏ సర్కారూ జీరో టికెట్ కొట్టియ్యదు. అది మనం తీసెయ్యాల్సిందే.

ఇగ "ఈ రోజులు బాగలేవు, పిల్లల్ని ఒంటరిగ పంపుడేంది?" అనే మాట. దీన్ని నేను తీసిపారేస్తలేను. భయం నిజమైనదే. గాని ఒక్కటి ఆలోచించండి. మన పిల్లలు ఏదో ఒకరోజు ఒంటరిగ పోక తప్పది. ఇంటర్‌కో, డిగ్రీకో, కోచింగ్‌కో, పనికో పోవాల్సిందే. అడగాల్సిన మాట "ఒంటరిగ పంపాల్నా వద్దా" అని కాదు. నేర్చుకొని ఒంటరిగ పోతరా, ఏమీ తెల్వకుండ ఒంటరిగ పోతరా, అది అడగాలె. పదిహేడేండ్లకు మొదటిసారి ఎంజీబీఎస్‌ల దిగి, ఏ దిక్కు పోవాల్నో తెల్వక, "రా, నేను దించుత" అన్నోని ఎంట పోయే పిల్లకే ప్రమాదం ఎక్కువ. పన్నెండేండ్లకు ఇంద్రవెల్లి దాంక పొయ్యొచ్చి, పదిహేనేండ్లకు ఆదిలాబాద్‌ల బస్సు మారిన పిల్ల కాడ ధైర్యం ఉంటది, మాట ఉంటది, చూపు ఉంటది.

ఇంకో మాట. బస్సు భయమని ఆటోల, జీపుల పంపుతున్నం. పదిమంది పట్టే కాడ ఇరవై మంది, ఎనుక నిచ్చెన మీద నలుగురు. బైకు మీద ముగ్గురు పోతున్నరు. దాంతోటి పోల్చుకుంటే ఆర్టీసీ బస్సుల టికెట్ ఉంటది, డిపో ఉంటది, డ్రైవరు ఎవరో, కండక్టర్ ఎవరో రాసి ఉంటది. మన టికెట్ మీద తారీఖు, టైం అచ్చయి ఉంటయి. బ్యాగు మర్చిపోయినా, గొడవైనా ఆ చిన్న కాగితంతోటే బస్సును పట్టుకోవచ్చు. అందుకే పిల్లలకు చెప్పే మొదటి మాట, టికెట్‌ను దిగేదాంక పారెయ్యొద్దు.

సరే, ఎట్ల నేర్పాలె? నా తమ్మునికి, మా పెద్దనాన్న బిడ్డలకు నేర్పిన పద్ధతి చెప్తున్న. తాత అడవి తోవ నేర్పిన పద్ధతే. నాలుగు మెట్లు.

1. ముందు మీరు చేస్తుంటే వాళ్లు చూడాలె. బోర్డు చదువుడు, బస్సు పూర్తిగ ఆగినంక ఎక్కుడు, టికెట్ అడుగుడు, చిల్లర చూసుకునుడు, స్టేజీ రాకముందే లేచి డోరు దిక్కు వచ్చుడు. చేస్తూ నోటితోటి చెప్పాలె. మనకు అలవాటైన పనిని మనం చెప్పకుండ చేస్తం, పిల్లకు ఏం కనబడదు.

2. తర్వాత పిల్ల చేయాలె, మీరు పక్కన కూసోవాలె. నోరు తెరవొద్దు. ఇది మనకే కష్టం. కండక్టర్ వచ్చి "ఎక్కడికి?" అంటే మన నోరే ముందు లేస్తది. ఆపుకోవాలె. పిల్ల రెండు నిమిషాలు తడబడ్డా సరే, ఆ పిల్లనే చెప్పనియ్యాలె.

3. తర్వాత అదే బస్సుల మీరు రెండు సీట్లు ఎనుక కూసోవాలె. తెల్వనోళ్ల లెక్క. దిగాల్సిన స్టేజీ దాటిపోతే దాటిపోనియ్యండి. ముందు స్టేజీల దిగి ఏం చేస్తదో చూడండి. మీరున్నప్పుడు తప్పిపోతేనే మంచిది. మీరు లేనప్పుడు ఎట్ల బయటపడాల్నో అప్పుడే తెలుస్తది.

4. చివరికి ఒంటరిగ. మొదటిసారి ఒకరు ఎక్కియ్యాలె, ఇంకొకరు దిగే కాడ ఉండాలె. పగటి పూట, తెలిసిన రూటు, బస్సు మారే పని లేకుండ. ఇద్దరు పిల్లలు కలిసి పోతే ఇంకా మంచిది.

వయసు సంగతి ఖచ్చితంగ చెప్పలేం, పిల్లను బట్టి ఉంటది. నా అంచనా అయితే, ఎనిమిదేండ్ల నుంచి చూపించుడు మొదలుపెట్టొచ్చు. పన్నెండు, పదమూడేండ్లకు దగ్గరి ఊరికి జతగ పోవొచ్చు. బస్సు మారే ప్రయాణం పద్నాలుగు, పదిహేను తర్వాతనే. చీకటి ప్రయాణం ఇంకా ఆలస్యంగ. తొందర పెట్టొద్దు. భయపడే పిల్లను "నువ్వు పిరికిదానివి" అనొద్దు. ఒక మెట్టు ఎనుకకొచ్చి మళ్ల చేయించాలె.

మన దిక్కు పిల్లలకు ప్రత్యేకంగ నేర్పాల్సినయి కొన్ని ఉన్నయి. పట్నం పిల్లలకు ఇవి అక్కరలేకపోవొచ్చు, మనకు కావాలె.

మొదటిది భాష. గోండి, కొలామి ఇంట్ల మాట్లాడే పిల్లకు బస్సుల పనికొచ్చే తెలుగు వాక్యాలు ఐదారు నోటికి రావాలె. "ఇంద్రవెల్లి ఒకటి ఇయ్యండి." "స్టేజీ వచ్చినప్పుడు చెప్పండి సార్." "నాకు చిల్లర రావాలె." "నేను తప్పిపోయిన, మా ఇంటికి ఫోన్ చేయండి." "నాకు ఇక్కడ దిగాలె, ఆపండి." ఇంతే. గట్టిగ, తల ఎత్తి చెప్పేదాంక అనిపియ్యాలె. ఇది తెలుగు గొప్పదని కాదు. మన మాట మనకుండాలె, ఆపదల పనికొచ్చే మాట గూడ మనకుండాలె. 1940లల్ల మార్లవాయిల హైమన్‌డార్ఫ్ గోండి పిల్లలకు బడి పెట్టినప్పుడు గోండిలనే మొదలుపెట్టి నేర్పిచ్చిండు. మనం గూడ బస్సు పాఠం గోండిలనే చెప్పాలె, అప్పుడే మనసుల నిలబడ్తది. ఆ ఐదారు వాక్యాలు మాత్రం తెలుగుల నేర్పాలె.

రెండోది తోవ బొమ్మ. ఒక కాగితం మీద గూడెం నుంచి పట్నం దాంక గీత గీసి, వరుసగ స్టేజీలు రాయాలె. ప్రతి స్టేజీకి ఒక గుర్తు పెట్టాలె. వంతెన, మర్రిచెట్టు, పెట్రోల్ బంకు, బడి, గుడి, ఏదైతే అది. "మన స్టేజీకి ముందు ఏముంటది?" అని అడుగుతుండాలె. ముందు స్టేజీ తెలిసిన పిల్ల లేచి రెడీగ ఉంటది. మన స్టేజీ పేరొక్కటే తెలిసిన పిల్ల, బస్సు కదిలినంక లేస్తది. కదిలే బస్సుల నుంచి దుంకుడు అక్కడే మొదలైతది.

మూడోది పైసలు, కార్డు. మగపిల్లలకు 5 నుంచి 12 ఏండ్ల దాంక హాఫ్ టికెట్, తర్వాత ఫుల్ టికెట్. ఆడపిల్లలు ఆధార్ ఒరిజినల్ ఎంట పెట్టుకోవాలె, జీరో టికెట్ అయినా అడిగి తీసుకోవాలె. "ఫ్రీనే కదా" అని టికెట్ లేకుండ కూసోవొద్దు. చిల్లర లేకపోతే కండక్టర్ టికెట్ ఎనుక రాసిస్తడు. దిగేముందు అడిగి తీసుకోవాలె, అడుగుడు తప్పు కాదని చెప్పాలె. మనోళ్లు మొగమాటానికి ఎన్ని పది రూపాయలు బస్సులల్ల విడిచిపెట్టి దిగిండ్రో! ఆదిలాబాద్ నుంచి కిన్వట్, చంద్రాపూర్ దిక్కు మన చుట్టాలింటికి పోయేటోళ్లకు ఇంకో సంగతి. జీరో టికెట్ తెలంగాణ బార్డర్ దాంకనే. అటు నుంచి వచ్చే మహారాష్ట్ర బస్సుల బోర్డు మరాఠీల ఉంటది, చదవరాకపోతే అడిగే ఎక్కాలె.

నాలుగోది ఫోన్ నంబర్. ఇంటి నంబర్ నోటికి రావాలె. ఫోన్‌ల సేవ్ అయి ఉంటే చాలదు, ఛార్జింగ్ అయిపోతది. ఒక నంబర్ నోటికి, రెండు నంబర్లు కాగితం మీద రాసి బ్యాగుల పెట్టాలె. మన గూడెంల సిగ్నల్ ఉండదు కాబట్టి, సిగ్నల్ ఉన్న ఊర్ల చుట్టాల నంబర్ ఒకటి ఉండాలె. వీటితోటి 1098, 112. చిన్న పిల్లల ఆపదకు 1098, ఏ ఆపదకైనా 112. ఈ రెండు నంబర్లు ఎక్కాల లెక్క రావాలె.

ఐదోది రోడ్డు. బస్సు దిగినంక బస్సు ముందునుంచి రోడ్డు దాటొద్దు. ఎదురుంగ వచ్చే బండికి పిల్ల కనబడదు, పిల్లకు బండి కనబడదు. బస్సు పోయేదాంక ఆగి, రెండు దిక్కులు చూసి దాటాలె. ఇది చిన్న ముచ్చట లెక్క ఉంటది గాని, ప్రాణం పోయేది ఇక్కడనే. కిటికీల నుంచి చెయ్యి, తల బయట పెట్టొద్దు. ఫుట్‌బోర్డు మీద నిలవడొద్దు. కెరమెరి ఘాట్ ఎక్కేటప్పుడు వాంతులయ్యే పిల్లలుంటరు. ముందు తక్కువ తినాలె, నిమ్మకాయ, ఒక కవరు దగ్గర పెట్టుకోవాలె. వాంతి వస్తదని తల బయట పెట్టుడు అలవాటు చేయొద్దు.

ఇగ అందరం మొగమాటపడి దాటేసే సంగతి. బస్సుల చేతులేసేటోళ్లు ఉంటరు. ఆడపిల్లల మీదనే కాదు, మగపిల్లల మీద గూడ. మన పిల్లలు చెప్పరు. ఎందుకు చెప్పరో తెలుసా? చెప్తే "ఇగ నువ్వు పోవొద్దు" అంటరని. తప్పు చేసినోడు హాయిగ బస్సెక్కుతనే ఉంటడు, పిల్ల చదువు ఆగుతది. శిక్ష ఎవరికి పడ్డట్టు? అందుకే నేర్పేటప్పుడు పిల్లకు రెండు మాటలు చెప్పాలె. "ఎవడన్న మీద చెయ్యేస్తే లేచి గట్టిగ అరువు. గోండిల అరిచినా సరే, అందరు తిరిగి చూస్తరు. కండక్టర్ దగ్గరికి పో, ఆడోళ్ల పక్కన కూసో." రెండోది ఇంకా ముఖ్యం. "వచ్చి మాకు చెప్పు. చెప్తే నీ చదువు ఆపం. ఇది మా మాట." ఈ మాట అమ్మబాపుల నోటితోటి పిల్ల ముందు అనిపియ్యాలె. పద్దెనిమిది లోపు పిల్లల మీద ఇట్లాంటివి చేస్తే 2012 నుంచి పోక్సో చట్టం ఉంది, ఆడపిల్లకైనా మగపిల్లకైనా. కేసు అయ్యేది చెయ్యేసినోని మీద. పిల్ల తలదించుకునే పని లేదు.

ఒక సంగతి సాఫ్‌గ చెప్పాలె. ఇదంతా నేర్పుడంటే మిగిలినోళ్ల బాధ్యత తీరిపోయినట్టు కాదు. ఆశ్రమ పాఠశాలల్ల, గురుకులాలల్ల చిన్న పిల్లల్ని అమ్మబాపులొచ్చి సంతకం పెడితేనే పంపుతరు. ఆ రూలు మంచిదే. "మావోడు బస్సు నేర్చుకున్నడు, ఒంటరిగ పంపండి" అని సార్లతోటి కొట్లాడొద్దు. మన నేర్పుడు సెలవులల్ల, మన చేతుల మీద జరగాలె. ఇంకోటి, బస్సే రాని గూడేలు మనకు ఎన్ని లేవు? "రోడ్డు దాంక ఐదు కిలోమీటర్లు నడిచేటోనికి బస్సు పాఠం ఎందుకు?" అని ఒక తమ్ముడు నన్ను అడిగిండు. న్యాయమైన మాటనే. బస్సు కావాలని ఊరంతా సంతకాలు పెట్టి డిపోకు, ఐటీడీఏకు, ప్రజావాణికి దరఖాస్తు ఇయ్యాలె, వదలకుండ తిరగాలె. గాని బస్సు వచ్చేదాంక పాఠం ఆపితే ఎట్ల? ఆ ఐదు కిలోమీటర్లు మన పిల్లలు భయపడకుండ నడుస్తున్నరు. ఎందుకంటే ఆ తోవ వాళ్లకు నేర్పినం. రోడ్డెక్కినంకనే వాళ్లకు భయం మొదలైతది. ఆ భయం తీసే పని మనది.

ఇప్పుడు నేను అడిగేది ఇది. ఈ సెలవులల్ల ప్రతి గూడెంల చదువుకున్న ఇద్దరు ముందుకు రావాలె. ఒక అన్న, ఒక అక్క. పిల్లల్ని ఐదుగురి కంటే ఎక్కువ తీసుకోవొద్దు, చూసుకోలేం. అమ్మబాపులను ముందే కలిసి, ఎక్కడికి పోతున్నం, ఎప్పుడొస్తం చెప్పి, వాళ్లు సరే అంటేనే తీసుకోవాలె. ఒక్క పిల్లను ఒక్కరే ఎప్పుడూ తీస్కపోవొద్దు, అది మన మంచికీ పిల్లల మంచికీ. మొదటి రోజు గూడెంలనే కాగితం మీద తోవ బొమ్మ గీయుడు, వాక్యాలు అనిపియ్యుడు. కుర్చీలు వరుసగ వేసి బస్సు ఆట ఆడిపియ్యండి. ఒకరు కండక్టర్, ఒకరు డ్రైవర్, ఒకరు ఎక్కువ మాట్లాడే కొత్త మనిషి. పిల్లలు మస్తు నవ్వుతరు, నవ్వుకుంటనే నేర్చుకుంటరు. రెండో రోజు మండలం దాంక పొయ్యొచ్చుడు. పోయినంక ఊరికె తిరిగి రావొద్దు. బస్టాండుల టైం బోర్డు చదివిపియ్యండి, ఆఖరు బస్సు ఎన్నింటికో వాళ్లతోనే అడిగిపియ్యండి, కంట్రోలర్ కూసునే గది చూపియ్యండి, "తప్పిపోతే ఇక్కడికి రావాలె" అని చెప్పండి. వీలైతే ఒక అమ్మనో, బాపునో గూడ ఎంట తీస్కపోండి. పిల్ల టికెట్ అడిగి తీసుకునుడు కండ్లార చూస్తే వాళ్ల భయం సగం పోతది.

ఖర్చు ఎక్కువ కాదు. మగపిల్లల టికెట్లు, ఒక పూట చాయ్, బిస్కెట్లు. మనం ఒక పుట్టినరోజు కేకుకు పెట్టేదానికంటే తక్కువ.

పోయిన ఎండాకాలం మా తమ్ముడు మొదటిసారి ఒంటరిగ ఆదిలాబాద్ నుంచి వచ్చిండు. నేను రోడ్డు మీద స్టేజీ కాడ నిలవడ్డ. బస్సు వచ్చి ఆగింది. వాడు దిగిండు, ఎనుకకు తిరిగి కండక్టర్‌కు చెయ్యి ఊపిండు, బస్సు పోయేదాంక ఆగిండు, రెండు దిక్కులు చూసి రోడ్డు దాటిండు. నా దగ్గరికొచ్చి ఏమన్నడో తెలుసా? "అన్నా, నా పక్కన ఒక అవ్వకు బోర్డు చదవరాదు. ఆమె స్టేజీ వచ్చినప్పుడు నేనే చెప్పి దించిన."

నన్ను ఒక అవ్వ ఇల్లు చేర్చింది. నా తమ్ముడు ఇంకో అవ్వను దించిండు. నేను కోరుకునేది ఇంతే.

మీ గూడెంల ఇద్దరు ఎవరో పేర్లు అనుకొని పని మొదలుపెట్టండి. పోయినంక ఏం జరిగిందో, ఎక్కడ కష్టమైందో రాయండి, అందరికీ పనికొస్తది.

జై సేవా. జై ఆదివాసీ.